మూడు నెలల ముచ్చట

ఎచ్చటనో యొక యువతిపై ఘోరకృత్యము జరిగినప్పుడెల్ల, ఆ వార్త పత్రికల మొదటి పుటలలో నున్నంతకాలము, ఆడపిల్లలకు కరాటే నేర్పవలెనని మంత్రులు ప్రకటించుటయు, కళాశాలలు శిబిరములు తెరచుటయు, తల్లిదండ్రులు కుమార్తెలను వెంటబెట్టుకొని పోయి చేర్చుటయు, పరీక్షలు దగ్గరపడగనే ఆ శిబిరములు చడీచప్పుడు లేక మూతపడుటయు మనకు అలవాటైపోయినది. 2019 నవంబరులో శంషాబాదు చెంత ఒక యువ పశువైద్యురాలు హతురాలైన పిమ్మట తెలుగునాట చెలరేగిన కోలాహలమును ఇట్టిదే. ఆడపిల్లలకు ఆత్మరక్షణ విద్య నేర్పవలయునా యన్నచో, నిస్సంశయముగా నేర్పవలయుననియే మా యభిప్రాయము. ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు, ఏటేట, గణితము నేర్పినంత నిష్ఠతో నేర్పవలయును. ఇప్పుడు జరుగుచున్న తంతునకు మాత్రము విద్య యను పేరు తగదు.

సమగ్ర శిక్షా పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేరిట ఈ శిక్షణ కలదు. కాలపరిమితి మూడు నెలలు. బడికి కేటాయించు సొమ్ము నెలకు 5000 రూపాయలు. ఝాన్సీరాణి పేరు పెట్టి యింత పిసినారితనము చూపుట మన పాలకులకే చెల్లినది. ఆ మూడు నెలలలో పిల్లలు నేర్చునది తరచుగా జనవరి 26వ తేదీ ప్రదర్శనకు సరిపోవునంతయే: తెల్లని దుస్తులు ధరించి, వరుసలు తీరి, ఒక్క గొంతుతో కేకవేసి, ముందుగనే పేర్చియుంచిన పెంకులను పిడికిట పగులగొట్టుట; వేదికమీది పెద్దలు చప్పట్లు చరచుట. పెంకు ఎదురు తిరుగదు. పెంకు మేనమామ కాదు, ట్యూషను మాస్టారును కాదు.

అసలు చిక్కంతయు నిచ్చటనే యున్నది. అత్యాచార కేసులలో పదింట తొమ్మిదికి మించి నిందితుడు బాధితురాలు ఎరిగినవాడేయని జాతీయ నేర గణాంకములు ఏటేట చాటుచున్నవి. చీకటిలో పొంచియుండు అపరిచితుని కొరకే సిద్ధపరుపబడిన బాలిక, పండుగకు వచ్చిన చుట్టము భుజముపై వేసిన చేతిని తీయుమనుటకు నోరు పెగలక నిలిచిపోవును. పెద్దలకు ఎదురు చెప్పరాదని ఊహ తెలిసిననాటి నుండి నూరిపోసినది మనమే గదా! కెనడాలో మూడు విశ్వవిద్యాలయముల విద్యార్థినులు 893 మందిని పరిశీలించి 2015లో ప్రకటించిన పరిశోధన యొకటి యీ సందర్భమున గమనింపదగినది. పండ్రెండు గంటల శిక్షణ పొందినవారిలో ఏడాది లోపల అత్యాచారమునకు గురియైనవారు నూటికి 5.2, కరపత్రములు మాత్రము పొందినవారిలో 9.8. ఆ శిక్షణలోని నాలుగు భాగములలో దేహబలముతో నెదిరించు పాఠమునకు చోటిచ్చినది ఒక్కటియే. తక్కినవి అపాయమును ముందుగ పసిగట్టుట, ఎరిగినవాని యెడ మొగమాటమును జయించుట, తన యిష్టాయిష్టములను తాను తేటగా తెలిసికొనుట.

నేర్పదగిన ఒడుపులును గహనములు కావు. మణికట్టు పట్టినవాడెంత బలశాలియైనను, వాని బొటనవ్రేలికిని తక్కిన వ్రేళ్లకును నడుమ పట్టు బలహీనముగా నుండును. ఆ సందు వైపునకే చేతిని మెలిత్రిప్పి ఒక్క కుదుపుతో లాగినచో విడివడును. పిమ్మట చేయవలసినది యుద్ధము కాదు, అరచుచు జనమున్న చోటికి పరుగెత్తుట. అయినను, భయముతో దేహము కొయ్యబారినవేళ చేయి తనంతట తానే మెదలవలెనన్నచో ఏండ్ల తరబడి సాధన వలయును.

దీనితోపాటు చట్టమును బోధింపవలెను. అత్యాచారము చేయు తలంపుతో పైబడినవాని ప్రాణమే పోయినను, ఆత్మరక్షణ పరిమితిని మీరనంతవరకు అది నేరము కాదని వెనుకటి శిక్షాస్మృతిలో 100వ సెక్షను చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 38వ సెక్షనును అదియే చెప్పుచున్నది. తిరుగబడినచో తమమీదనే కేసు పెట్టుదురేమోయని జంకు పిల్లలకు ఈ సంగతి చెప్పు బడులెన్ని?

రక్షణభారమును ఆడపిల్లల నెత్తిన రుద్ది ప్రభుత్వము చేతులు దులుపుకొనునని కొందరు విజ్ఞులు శంకించుచున్నారు. ఆ శంక నిరాధారము కాదు. ఠాణాలోనే అత్యాచారమునకు గురియైన మహారాష్ట్ర ఆదివాసి బాలిక కేసులో, ఆమె మేన గాయములు లేకపోవుటను ఎత్తిచూపి, సుప్రీంకోర్టు 1978లో ఇరువురు పోలీసులను నిర్దోషులనినది. కరాటే నేర్చినదానవు, ఏల ఎదిరింపలేదని రేపు న్యాయవాది యొకడు నిలదీయకపోడు. ప్రతిఘటింపనంత మాత్రమున సమ్మతించినట్లు కాదని శిక్షాస్మృతికి 2013లో జరిగిన సవరణ స్పష్టము చేసినది గావున, ఈ వాక్యమును పిల్లలకే గాక ఠాణాలలోని అధికారులకును కంఠస్థము చేయింపవలెను. శంషాబాదు ఉదంతమున ఫిర్యాదు నమోదులో జాప్యము చేసిరని ముగ్గురు పోలీసులు సస్పెండైరి. అట్టి జాప్యమునకు ఏ కరాటేయు విరుగుడు కాజాలదు.

కావున ప్రతి ఉన్నత పాఠశాలకు శాశ్వతోద్యోగినియైన ఒక శిక్షకురాలిని నియమించి, వారమునకు రెండు పీరియడ్లు ఈ విద్యకు కేటాయింపవలెను. ఆ వేళ మగపిల్లలను ఆటస్థలమునకు తోలివేయక, వద్దన్నప్పుడు వెనుకకు తగ్గుట యనునది వారికిని ప్రక్క గదిలో నేర్పవలెను. రెండు తెలుగు రాష్ట్రముల విద్యాశాఖలును రానున్న బడ్జెటులోనే ఇందులకు ప్రత్యేకముగా పద్దు చూపవలయునని మేము కోరుచున్నాము.