విహారయాత్ర కాలినడకనే జరుగవలెను

మన ప్రాంతపు పాఠశాలలలో ఏటేట శీతకాలమున విహారయాత్రయను వేడుక యొకటి జరుగుచుండును. బస్సు విశాఖపట్టణమున బయలుదేరి, భీమునిపట్టణపు బాటను పోవుచు, ఎఱ్ఱమట్టి దిబ్బలయొద్ద అరగంట నిలుచును. బాలబాలికలు దిబ్బలపై కెక్కి క్రిందికి జాఱుదురు, ఛాయాచిత్రములు తీసికొందురు, పులిహోర పొట్లములు విప్పుదురు, విప్పిన కాగితము లచ్చటనే విడిచి మరల బస్సెక్కుదురు. ఇందువలన దిబ్బలకు కలుగు నష్టము స్పష్టమే గాని, పిల్లలకు కలుగు లాభ మేమియో మాకు గోచరింపకున్నది. యాత్రను మానుమని మేము చెప్పము. దానిని కాలినడకను, పూర్తిగా ఒక దినము, దిబ్బల యడుగునుండి సముద్రపు టొడ్డు వెంబడి గోస్తనీనది కడలిని కలియు చోటు వఱకు జరుపుడని కోరుచున్నాము.

ఆ దిబ్బ లెట్టివో తెలియనిదే వానియెడ గౌరవము కలుగదు. అవి తీరము వెంబడి సుమారు 5 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నవి. పేరునకు మట్టి దిబ్బలే గాని నిజమునకు ఇసుక దిబ్బలు. సుమారు 20,000 ఏండ్ల క్రిందట భూమిపై మంచు మిక్కుటముగా పేరుకొనియున్న కాలమున సముద్రమట్టము నేటికంటె 100 మీటర్లకు పైగా దిగిపోయి, ఇప్పుడు నీట మునిగియున్న నేల మైళ్లకొలది బయటపడెను. అట్టి కాలములయందు గాలి ఆ యిసుకను ఎగురగొట్టి తెచ్చి తీరమున కుప్పలు పోసెను. ఇసుకలోని యినుపధాతువులు వానకును ఎండకును త్రుప్పుపట్టి, ఒక్కొక్క రేణువునకు ఎఱ్ఱని పూతగా నేర్పడినవి. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు వీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించిరి. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలోను ఇవి చేరినవి.

ఇట్టి దిబ్బలు రాళ్లవలె గట్టిపడినవి కావు. ఇసుకమీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుని ఉపమానము మన పిల్లలందఱును బైబిలు తరగతిలో విన్నదే. ఇక్కడ ఇసుకయే యిల్లు, ఇసుకయే పునాది! ఒక బాలుడు జాఱిన జాడ వానకాలమున నీటికి దారియగును. ఆ దారి కాలువయై, కాలువ గండియై, గట్టు కూలును. వాననీరు తనంతట తాను కోసిన లోయలు అచ్చట వేనవేలు కలవు, నిజమే. వానికి తోడు మన మడమలతో క్రొత్తవి త్రవ్వనేల? లోయల యడుగున నడచుచు తలయెత్తి చూచినచో పొరపొరయు కన్నులకు కట్టినట్లుండును. పైకెక్కి జాఱువానికి పాదములక్రింది పొర తప్ప వేఱొండు కానరాదు.

తల్లిదండ్రుల భయమును మేమెఱుగుదుము. సముద్రము పేరు చెప్పినంతనే తల్లులు వలదందురు. వారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. ఈ తీరమున అలల నడుమ పైకి ప్రశాంతముగా కనబడుచు మనుష్యుని లోనికీడ్చుకొనిపోవు నీటిపాయలు కలవు. స్నానమునకు దిగి ప్రాణములు కోల్పోయిన యువకులు పలువురు. అయితే వారిని ముంచినది స్నానము గాని నడక కాదు. బస్సు దిగినవెంటనే తోచుబడి కాక నీటిలోనికి పరుగెత్తు పిల్లలకంటె, పంక్తిగా నడుచు పిల్లలను కనిపెట్టుట ఉపాధ్యాయులకు సులభము. మోకాళ్లకు నీరు తగులనీయరాదను నియమమును పెట్టి, దానిని తప్పినవానిని వెంటనే యింటికి పంపవలయును. ఈ విషయమున మెత్తదనము పనికిరాదు.

తీరమున చూడదగినవి కొల్లలు. తడి యిసుకపై నల్లని చారలు కనబడును. వానిని మురికియని యెంతురు గాని, అవి యిల్మనైటు మొదలగు బరువైన ఖనిజములు. తేలిక యిసుకను అల లీడ్చుకొనిపోగా మిగిలినవి. జనవరి మొదలు మార్చి వఱకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రులయందు ఒడ్డున కెక్కి గ్రుడ్లు పెట్టును. వాని జాడలు ప్రొద్దుటిపూట అగుపడవచ్చును. మత్స్యకారులు వలలాగుచున్నచో అచ్చట కొంతసేపు నిలిచి, వారికి అడ్డురాక, మర్యాదతో ప్రశ్నింపవలెను. గాలినిబట్టియు నీటి రంగునుబట్టియు చేపజాడ కనుగొను విద్య మన పాఠ్యపుస్తకములలో లేదు. ఆ విద్యగలవానిని పిల్లలు “అన్నా” యనియైనను “అయ్యా” యనియైనను పిలువవలయునే గాని “ఓయి” యని కాదు. భీమునిపట్టణము చేరినపిదప, 17వ శతాబ్దమున వర్తకమునకై వచ్చిన డచ్చివారి సమాధులను, ఓపికయున్నవారు పావురాలకొండపై బౌద్ధుల తొట్లను చూడవచ్చును.

చిన్న తరగతులవారును, నడువలేనివారును భీమునిపట్టణమున బస్సు దిగి, మిగిలినవారిని అచ్చట కలిసికొనవచ్చును. ఒకనికి కాలు నొప్పియని పదుగుర నడక మానుట న్యాయము కాదు, పదుగురు నడతురని అతని నింట విడుచుటయు న్యాయము కాదు. యాత్రాదినము నిర్ణయించుటకు ముందు ఆటుపోటుల వేళలు విచారింపవలెను. ఆటు సమయమున తడి యిసుక గట్టిపడి నడక సుఖముగా నుండును; పోటువేళ పొడియిసుకలో మైలు నడుచుట మూడు మైళ్ల శ్రమ. తలకు గుడ్డ, ఒక్కొక్కరికి రెండు సీసాల నీరు, కాగితములు తిరిగి తెచ్చుటకు ఒక సంచి చాలును. పులిహోర భీమునిపట్టణములోనే విప్పవచ్చును.