పొలంబడిలో ఒక పూట

చెట్టునీడను అధికారి యుపన్యసింపగా రైతులు విని పోవుటయే పొలంబడి యని మన సభ్యులలో కొందఱి తలంపు. అది సభ, బడి కాదు.

ఇండోనేషియాలో మందులు చల్లినకొలది వరికి సుడిదోమ హెచ్చగా, 1986లో 57 మందులను వరిపై వాడరాదని నిషేధించిరి. 1989లో పొలమునే బడిగా జేసిరి. ఆ పద్ధతియే మన పల్లెలకు వచ్చినది.

ఉదయమున రైతులు అయిదుగురేసి జట్టులై మడిలో దిగవలయును. అక్కడక్కడ దుబ్బులను మెల్లగా వంచి, నీటికి పైన మొదళ్ళయందు దోమ నెంచవలయును. దానిని తిను సాలీళ్ళను, అక్షింతల పురుగులను, మిరిడ్ నల్లులను గూడ నెంచవలయును. పిమ్మట గట్టెక్కి, పెద్దకాగితముపై నడుమ వరిదుబ్బును, ఒకప్రక్క శత్రువులను, వేఱొకప్రక్క మిత్రులను గీసి, మందు వలయునా వలదా యని వాదింపవలయును. ఆ వాదమే పాఠము. పిలకల దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 దోమలు చేరనంతవఱకు మందు వలదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సింథటిక్ పైరిత్రాయిడ్లు చల్లినచో సాలీళ్ళు చచ్చి దోమ మఱల విజృంభించును.

ఈ బడికి పట్టాదారునే పిలుచుట మాకు సమ్మతము కాదు. మడిలో వంగి దుబ్బుమొదలు చూచునది కౌలుదారును, కలుపుతీయు స్త్రీలును గదా!

మందుల యమ్మకము తగ్గి సంఘమునకు నష్టము వచ్చునని కొందఱు గొణుగుదురు. అక్కఱలేని మందుకై చేసిన యప్పు కోతలనాడు తీరకున్న, ఆ బాకీ యెవరి పద్దులో నిలుచును? మందు అరువు వ్రాయుటకు ముందు “దుబ్బుకెన్ని?” యని సంఘపు గుమాస్తా యడుగునట్లు రాబోవు మహాజనసభలో తీర్మానింప గోరుచున్నాము.