జాగిలానికి కులం లేదు, పగ్గానికి ఉంది

పోలీసు డాగ్ స్క్వాడ్‌లోకి వాసన పట్టి నడిచే బ్లడ్‌హౌండ్‌ను తెస్తే దళితులకేం నొప్పి? ఇది పెద్దమనుషులు వేసే ప్రశ్న. దొంగ భయపడాలి గానీ కూలోడు ఎందుకు భయపడాలి అంటారు. కుక్కకు కులం ఉండదు గదా అని కూడా అంటారు. నిజమే, కుక్కకు కులం లేదు. కానీ దాని మెడకున్న పగ్గం ఎవరి చేతిలో ఉంది? దాని ముక్కు ముందు ఎవరి గుడ్డ పెడుతున్నారు? ఎవరింట్లో నగలు పోతే తెస్తున్నారు, ఎవరి గుడిసె తగలబడితే తేవడం లేదు? ఇవీ మా ప్రశ్నలు.

ముందు ఈ కుక్క సంగతి తెలుసుకుందాం. తెలియనిదానికి భయపడటమూ తప్పే, దండం పెట్టడమూ తప్పే. మనిషి ముక్కులో వాసన పసిగట్టే కణాలు 50, 60 లక్షలుంటే బ్లడ్‌హౌండ్‌కు 30 కోట్ల దాకా ఉంటాయని చెప్తారు. మన ఒంటి నుంచి చర్మం పొట్టు కంటికి కనపడకుండా రాలుతూనే ఉంటుంది. అందులో ఒక్కో మనిషి వాసన ఒక్కో రకం. ఆ మనిషి తొడిగిన చొక్కానో, చెప్పునో కుక్కకు చూపిస్తే, పది మంది నడిచిన దారిలో కూడా ఆ ఒక్కడి వాసనే పట్టుకొని పోతుంది. నేల చల్లగా తేమగా ఉంటే ఒకటి రెండు రోజుల నాటి జాడ కూడా దొరుకుతుంది. ఎండ మండితే, జనం తొక్కితే, మనిషి బండెక్కి పోతే కష్టమవుతుంది. ఇందులో మాయ లేదు, మంత్రం లేదు.

అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. కుక్క చెప్పేది ఫలానా వాసన ఇటు పోయిందని మాత్రమే. ఎప్పుడు పోయాడు, ఎందుకు పోయాడు అన్నది అది చెప్పదు. మన బతుకేమిటి? దొర పొలంలో నాట్లు మనవి, కళ్లంలో చెమట మనది, గొడ్లసావిట్లో పేడ ఎత్తే చేతులు మనవి. ఆ పలుపు, ఆ పార, ఆ గోతాం అన్నీ మనం ముట్టినవే. మంచినీళ్ల దగ్గర మాత్రమే మనం ముట్టగూడదు! అలాంటి చోట దొంగతనం జరిగి, అక్కడి వస్తువొకటి కుక్కకు చూపిస్తే అది ఎక్కడికొస్తుంది? మన వాడకే వస్తుంది. కుక్క తప్పు చెయ్యలేదు. కూలోడు పని చేసి ఇంటికి పోయిన దారినే అది చూపించింది. దాన్ని దొంగ పోయిన దారిగా పంచనామాలో రాసేది మనిషి.

కుక్కల చరిత్ర మన చరిత్రకు దూరమేమీ కాదు. 1795లో జమైకాలో తిరగబడ్డ మరూన్ల మీదికి బ్రిటిష్ వాళ్లు క్యూబా నుంచి వేటకుక్కలను ఓడలో తెప్పించారు. అమెరికాలో పారిపోయిన నల్ల బానిసలను పట్టేందుకు కుక్కలను పెంచి అద్దెకిచ్చారు. 1963 మేలో బర్మింగ్‌హామ్ వీధుల్లో హక్కులడిగిన నల్లజాతి పిల్లల మీదికి పోలీసు కుక్కలను ఉసిగొల్పారు. ఇంకో సంగతి కూడా వినండి. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన కేసులో శిక్షపడ్డ జేమ్స్ ఎర్ల్ రే 1977 జూన్‌లో టెన్నెసీ జైలు నుంచి పారిపోతే, అడవిలో వాడి జాడ తీసి పట్టించినవి బ్లడ్‌హౌండ్లే. బానిసను వేటాడించింది వేటకుక్క చేతనే. కింగ్‌ను చంపినవాడిని పట్టించింది కూడా వేటకుక్క చేతనే. మారింది పగ్గం పట్టిన చెయ్యి, ఆ చేతిని అదుపు చేసే చట్టం.

మన దేశంలో చట్టమే పగ్గమైంది. 1871 నేరజాతుల చట్టం పుట్టుకతోనే మనుషులను దొంగలుగా రాసింది. 1952లో ఆ చట్టం పోయింది. ఎరుకల, యానాది గూడేల మీద అనుమానం పోయిందా? ఊళ్లో ఏది పోయినా స్టేషన్ చూపు ముందు ఎక్కడికి పోతుందో చదివేవాళ్లకు మేం చెప్పక్కర్లేదు.

కోర్టులు ఈ విషయం ఎప్పుడో చెప్పాయి. కుక్క బోనెక్కి ప్రమాణం చెయ్యదు, దాన్ని ఎదురు ప్రశ్న వెయ్యలేం, మనిషి స్వేచ్ఛ కుక్క అనుమానం మీద ఆధారపడగూడదు అన్న ఆక్షేపణలను సుప్రీంకోర్టు 1969లోనే ప్రస్తావించి, అలాంటి సాక్ష్యానికి పెద్ద విలువ ఇవ్వలేదు. 2001లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన కేసులోనూ ఆ సాక్ష్యం బలహీనమైనదేనంది. దర్యాప్తుకు దారి చూపడానికి కుక్కను వాడుకోవచ్చు గానీ దాన్ని రుజువుగా చూపలేరని 2008లో మళ్లీ చెప్పింది. చాలా సంతోషం. కానీ కోర్టు మెట్లెక్కేదాకా లాఠీ ఆగుతుందా? కుక్క గుడిసె ముందు ఆగిన సాయంత్రమే మనవాడి వీపు పగులుతుంది. ఏడేళ్లకు కేసు కొట్టేస్తే ఆ వీపు అతుకుతుందా?

ఇక రెండో వైపు చూడండి. చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను నరికి, శవాలను గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. కళ్లతో చూసిన మన మనుషులు బోనెక్కి చెప్పినా ఆ శిక్షలు నిలవలేదు. మన గుడిసె వైపు కుక్క మూతి తిరిగితే మాత్రం స్టేషన్లో అది చెల్లిపోతుంది. ఇదెక్కడి న్యాయం?

అందుకని కుక్క వద్దని మేం అనడం లేదు. ఈ కుక్క అన్నిటికన్నా బాగా చేసే పని తప్పిపోయిన మనిషిని వెతకడం. మన ఆడపిల్ల కనపడక తల్లి స్టేషన్‌కు పోతే "ఎవడితోనో పోయుంటుందిలే, రెండ్రోజులు చూడు" అంటారే, ఆ రెండ్రోజుల్లోనే వాసన చచ్చిపోతుంది, పిల్ల ప్రాణమూ పోవచ్చు. ఆ మొదటి గంటల్లో కుక్క మన వాడకు రావాలి. మొదటి హక్కు మనదే.

మనం అడగాల్సినవి ఇవి:

ఒకటి. తప్పిపోయిన కేసులోనూ, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చే హత్య, దహనం కేసుల్లోనూ కుక్కను అదే రోజు తేవాలి. ఆ చట్టం సెక్షన్ 4 కింద విధి మరిచిన అధికారికి కూడా శిక్ష ఉంది.

రెండు. ఏ వస్తువు చూపించారు, అంతకుముందు దాన్నెవరు ముట్టారు, ఎన్నింటికి బయల్దేరింది, ఎక్కడ ఆగింది, అన్నీ రాయాలి, వీడియో తీయాలి.

మూడు. కుక్క వచ్చిందన్న ఒక్క సాకుతో ఎవర్నీ స్టేషన్‌కు తీసుకుపోగూడదు. వేరే ఆధారం చూపాలి.

మన పని కూడా ఉంది. నేరం జరిగిన చోటును తొక్కనివ్వొద్దు. సర్పంచ్ వచ్చినా, పెద్దకాపు వచ్చినా తాడు కట్టి బయటే నిలబెట్టండి. తప్పిపోయిన మనిషి విడిచిన, ఉతకని బట్టను వట్టి చేత్తో ముట్టకుండా శుభ్రమైన కవర్లో వేరుగా పెట్టండి. కుక్క వస్తే వెంట మనవాళ్లిద్దరు దూరంగా నడిచి, టైము, దారి నోటుబుక్కులో రాసుకోండి. చదువుకున్న పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. అంబేడ్కర్ చదవమన్నది ఇలాంటి రోజు కోసం కూడా.

కుక్కకు ముక్కుంది. మనకు కలం ఉంది. పగ్గం పట్టిన చేతికి లెక్క రాసేది మనమే కావాలి.

జై భీమ్!