ఆ బొమ్మ బెల్టు పెట్టుకుంది, మరి మీరు?

ముందే చెప్పేస్తున్నా, నాకు కార్లంటే పిచ్చి. ఆదివారం పొద్దున్నే ఐదింటికి లేచి, ఏ పనీ లేకపోయినా ఔటర్ మీద ఒక రౌండ్ వేసొచ్చే బాపతు. నేను గేర్‌బాక్సుల గురించి మొదలుపెడితే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. కాబట్టి ఇదంతా కార్లంటే గిట్టని వాడి ఏడుపు అనుకోకండి.

ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఇప్పుడు ఒకటే చర్చ. "నీ కారుకి ఎన్ని స్టార్లు?" ఒకప్పుడు ఈ ప్రశ్న అడిగిన వాడే లేడు. "ఎంతిస్తుంది?" అని మైలేజీ అడిగేవాళ్ళు, అంతే. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లని పట్టుకెళ్ళి గుద్దించి చూస్తే ఐదింటికీ గుండు సున్నా వచ్చింది. 2018లో టాటా నెక్సాన్ ఐదు స్టార్లు తెచ్చుకున్నాక గాలి మారింది. 2023 అక్టోబరు నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ కూడా మొదలైంది. ఇదంతా మంచిదే. నా గొడవ స్టార్లతో కాదు, వాటిని మనం చదివే పద్ధతితో.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, మన భాషలోనే మాట్లాడుకుందాం. టెస్ట్ రిపోర్టు చేతికొస్తే మొదట ఏం చూస్తాం? ఏ లోడ్ మీద టెస్ట్ చేశారు, సెటప్ ఏంటి అని. ఈ స్టార్ల టెస్టులో కారుని ముందు నుంచి గుద్దించేది గంటకు 64 కిలోమీటర్ల వేగంతో. ముందు సీట్లలో ఉండే రెండు పెద్ద బొమ్మలూ బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటాయి. పిల్లల బొమ్మలు వెనక చైల్డ్ సీట్లలో ఉంటాయి. అవి ఎవరి ఒళ్ళోనూ ఉండవు. సన్‌రూఫ్‌లోంచి తలలు బయటపెట్టి కేరింతలు కొట్టవు.

మరి మన ప్రొడక్షన్ సంగతి? ఔటర్ మీద కుడివైపు లేన్లలో లిమిటే 120. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు అవుతుందని అందరం ఎంసెట్‌కి బట్టీ పట్టిన వాళ్ళమే. ఆ లెక్కన 64 నుంచి 120కి వెళ్తే మూడున్నర రెట్లు. వెనక ముగ్గురు, ఒక్కరికీ బెల్టు లేదు. ఒళ్ళో ఒక బుడతడు. ఇప్పుడు చెప్పండి, ఆ ఐదు స్టార్లు మీవా, ఆ బొమ్మవా?

ఇంత గట్టిగా అరవడానికి నాకేం హక్కుందంటారా? ఉంది. దెబ్బ తగిలాక వచ్చిన హక్కు.

ఐదు స్టార్ల కారు కొన్న మూడో నెలలో అమ్మానాన్నల్ని తీసుకుని విజయవాడ బయల్దేరాను. అమ్మ వెనక కూర్చుంది. "బెల్టు పెట్టుకో అమ్మా" అన్నాను. "వెనక కూడానా? ఊరుకోరా, చీరంతా నలిగిపోతుంది" అంది. నేనూ ఊరుకున్నాను. పెట్టుకుందామన్నా కుదరదు, ఎందుకంటే బెల్టు గుచ్చే లాకులు సీటు కవర్ల కింద ఉన్నాయి. ఆ కవర్లు నేను ముచ్చటపడి వేయించినవే. చిట్యాల దాటాక డివైడర్ గ్యాప్‌లోంచి ఒక ట్రాక్టర్ అడ్డంగా వచ్చేసింది. బ్రేక్ మీద నిలబడ్డాను. ఏబీఎస్ తన పని తాను చేసింది, కారు ట్రాక్టర్‌కి జానెడు దూరంలో ఆగింది. అమ్మ మాత్రం ఆగలేదు.

కారుకి గీత కూడా పడలేదు. అమ్మకి కనుబొమ్మ మీద ఐదు కుట్లు, ముందు పన్ను ఒకటి విరిగింది. అసలు గుద్దుకోకుండానే ఇది. ఆస్పత్రి బెంచీ మీద కూర్చుంటే నా ఐదు స్టార్లు గుర్తొచ్చి సిగ్గేసింది.

2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ పోయిన ప్రమాదం గుర్తుందా? ఆయనున్నది మెర్సిడెస్ కారులో. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు. ఆ ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. దేశమంతా ఓ పదిహేను రోజులు బెల్టుల గురించి మాట్లాడుకుని మర్చిపోయింది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో ఆ ఒక్క ఏడాదే బెల్టు పెట్టుకోకుండా చనిపోయిన వాళ్ళు 16,715 మంది. అందులో 8,331 మంది డ్రైవర్లు కాదు, పక్కనో వెనకో కూర్చున్న వాళ్ళు.

ఇక మనవాళ్ళ వాదనలు. "సిటీలో స్పీడెక్కడుంది బాసూ?" 50లో వెళ్తూ గుద్దుకోవడమంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి కిందపడటం. మూడంతస్తుల మేడ మీంచి దూకమంటే దూకుతారా?

"ఎయిర్‌బ్యాగులు ఆరున్నాయి కదా?" స్టీరింగ్ మీద ఎస్ఆర్ఎస్ అని ఉంటుంది చూడండి. అందులో మొదటి ఎస్ అంటే సప్లిమెంటల్. బెల్టుకి తోడు అని అర్థం, బెల్టుకి బదులు అని కాదు. ముందు సీట్లో ఒళ్ళో కూర్చున్న పసివాడికైతే రెప్పపాటులో విచ్చుకునే ఆ బ్యాగే యముడు.

"వెనక వాళ్ళ ఇష్టం, మనకెందుకు?" బెల్టు లేని మనిషి వెనక నుంచి వచ్చి పడేది ముందు సీటు మీదే. అందులో ఉన్నది మీరే.

అన్నిటికంటే నాకు మండేది ఆ కీ కీ మనే అలారం నోరు నొక్కడానికి అమ్మే క్లిప్పులు. 2023లో వినియోగదారుల రక్షణ అథారిటీ ఆన్‌లైన్ అంగళ్ళలోంచి ఇలాంటివి 13,118 లిస్టింగులు తీయించింది. అన్ని రకాలు అమ్మారంటే ఎంతమంది కొన్నట్టు? ప్రొడక్షన్‌లో అలర్ట్ వస్తే మానిటరింగ్ ఆపేసేవాణ్ణి టీంలో ఉంచుకుంటామా?

ఎన్నారైలు నవ్వుకోకండి, మీ సంగతీ ఉంది. డాలస్‌లో మా బావమరిది పాపని కారు సీట్లో కట్టకుండా గరాజ్ దాటడు. శంషాబాద్‌లో దిగిన పావుగంటకి అదే పాప ముందు సీట్లో తాతయ్య ఒళ్ళో ఉంటుంది. అడిగితే "ఇక్కడెవరు పెట్టుకుంటారు బావా?" అంటాడు. అక్కడ పెట్టుకున్నది టికెట్ భయంతోనే అన్నమాట. ఇక్కడా 2019 చట్ట సవరణలో వెయ్యి రూపాయల ఫైను ఉంది, పిల్లలకి కూడా. వెనక సీటుకీ రూలు ఉంది. అడిగేవాడు లేడు, అంతే తేడా.

1959లో వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు ఈ మూడు కొసల బెల్టు తయారుచేశాడు. కంపెనీ ఆ పేటెంటుని అందరూ వాడుకోండని వదిలేసింది. ఓపెన్ సోర్స్ అంటూ టీషర్టులు వేసుకు తిరిగే మనం ఊరికే వచ్చిన ఆ ఒక్కటి మాత్రం వాడం.

ఒక్క పని చేయండి. ఇవాళ ఇంటికెళ్ళగానే మీ కారు వెనక డోరు తీసి, సీటు కవరు సందులో చెయ్యి పెట్టి, ఆ మూడు లాకులు పైకి లాగండి. కవరు అడ్డమైతే కోసి పారేయండి. నేను కోసేశాను, నాలుగు వేలు పోయాయి. ఇప్పుడు మా అమ్మ కారెక్కగానే ముందు బెల్టు లాగుతుంది, చీర సంగతి తర్వాత. అందరూ పెట్టుకునేదాకా నేను కారు స్టార్ట్ చేయను.

చాదస్తం అంటారా? అనండి. ఆ కనుబొమ్మ మీద గీత చూసినప్పుడల్లా ఈ చాదస్తం మూణ్ణెల్ల ముందే ఎందుకు రాలేదా అనిపిస్తుంది.