ఊరట వేరు... ఊపిరి వేరు!

ఆయాసం ఉన్న పెద్దవాళ్ల దిండు పక్కన చూడండి. చిన్న బామ్ సీసా ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. కొందరి దగ్గర మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చే చిన్న గొట్టం ఉంటుంది. ఇంకొందరు పుదీనా పువ్వు, కర్పూరం, వాము పువ్వు తెచ్చి ఇంట్లోనే అమృతధార చేసిపెట్టుకుంటారు. మూడూ గట్టి పదార్థాలే. ఒక సీసాలో వేసి కదిపితే మాత్రం నీరైపోతాయి! అర్ధరాత్రి మెలకువ వచ్చి ఊపిరాడనట్టు అనిపిస్తే చెయ్యి ముందు ఆ సీసా మీదికే పోతుంది. రెండుసార్లు పీలిస్తే లోపలిదాకా చల్లగా తగిలి... 'హమ్మయ్య!'

ఆ 'హమ్మయ్య' నిజమా, భ్రమా? 'అవన్నీ వట్టి వాసనలు తాతయ్యా' అని మనవడు తీసిపారేస్తాడు. 'నీకేం తెలుసురా, ఇది పీలిస్తేనే నాకు ప్రాణం కుదుటపడేది' అని తాతయ్య అంటాడు. చిత్రమేమిటంటే ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఆ రెండు సగాలూ కలిపి తెలుసుకోవాలి. ఒక సగమే తెలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

చల్లదనం ఎక్కడిది?

ఈ సీసాలన్నిటిలో చల్లగా తగిలేది మెంథాల్. మనం పుదీనా పువ్వు అంటామే, అదే. పచ్చడి చేసుకునే పుదీనాకు దగ్గరి చుట్టమైన మరో మొక్క నుంచి దీన్ని తీస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ చుట్టుపక్కల ఈ పంట విస్తారంగా పండిస్తారు. ఆకు నుంచి తీసిన నూనెను బాగా చల్లబరిస్తే సూదుల్లాంటి తెల్లని పలుకులు కడతాయి. బామ్ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చే అమృతాంజనంలోనూ ఇది ఉంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో 1893లో మొదలుపెట్టిన మందు అది. అంటే ఈ వాసనతో మన ఇళ్లకున్న అనుబంధం నూరేళ్లు దాటిందన్నమాట.

ఇంతకీ మెంథాల్ చల్లనిదా? కాదు. సీసాలోని బామ్‌కు థర్మామీటరు పెట్టి చూడండి, గది ఎంత వేడిగా ఉంటే అదీ అంతే. మన ముక్కులో, నోట్లో, చర్మంలో చలిని కనిపెట్టే నరాల కొసలుంటాయి. వాటి మీద ఒక చిన్న తలుపు లాంటిది ఉంటుంది. చల్లగాలి తగిలితే అది తెరుచుకుని మెదడుకు కబురు పంపుతుంది. మెంథాల్ చేసే పనల్లా చలి లేకుండానే ఆ తలుపు తెరవడం. 2002లో అమెరికాలో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా దీన్ని కనిపెట్టాయి. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు టీఆర్‌పీఎం8. ఆ బృందాలకు నాయకులైన డేవిడ్ జూలియస్, ఆర్డెం పటపూటియన్‌లకు, వేడినీ చలినీ స్పర్శనూ ఒళ్లు ఎలా గుర్తిస్తుందో తేల్చినందుకు, 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ముక్కులో చల్లగా తగిలిందంటే గాలి లోపలికి పోతోందని మెదడుకు అర్థం. పుట్టినప్పటి నుంచీ దానికి అదే అలవాటు. అందుకే మెంథాల్ పీల్చగానే గాలి బాగా ఆడుతోందని నమ్మేస్తుంది.

కొలిచి చూస్తే...

వేల్స్‌లోని కార్డిఫ్ పరిశోధకులు 1990లో ఒక పరీక్ష ఫలితాలు వెలువరించారు. జలుబుతో ముక్కు దిబ్బడ వేసినవాళ్లకు మెంథాల్ బిళ్ల ఇచ్చి చప్పరించమన్నారు. 'ముక్కు తేలికైంది' అన్నారు వాళ్లు. కానీ యంత్రం పెట్టి కొలిస్తే ముక్కులో గాలికున్న అడ్డు అలాగే ఉంది. దారి తెరుచుకోలేదు, తెరుచుకున్నట్టు అనిపించిందంతే.

1997లో జపాన్ పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. ఆరోగ్యవంతులను కష్టపడితే గానీ గాలి రాని గొట్టంలోంచి ఊపిరి పీల్చమన్నారు. ఆ గాలికి మెంథాల్ కలిపితే ఇబ్బంది తగ్గిందని చెప్పారు వాళ్లు. స్ట్రాబెరీ వాసన కలిపితే ఏమీ తేడా లేదు. అంటే మంచి వాసన వచ్చినంత మాత్రాన సరిపోదు, చల్లగా తగలాలి. ఆ తర్వాత దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల మీద కూడా జపాన్‌లో చిన్న పరీక్షలు జరిగాయి. అక్కడా కొంత ఊరట కనిపించింది. అయితే ఇవన్నీ కొద్దిమంది మీద, కొద్దిసేపు చేసిన పరీక్షలు. ఇళ్లలో నెలల తరబడి వాడితే మేలు జరుగుతుందని చెప్పడానికి ఇవి చాలవు.

కాబట్టి తాతయ్య చెప్పేది అబద్ధం కాదు. ఆయాసం అనేది మెదడు పడే బాధ. ఆ బాధ నిజంగానే కాస్త తగ్గుతుంది. మనవడు చెప్పేదీ అబద్ధం కాదు. ఊపిరితిత్తుల్లో వెంట్రుకవాసి కూడా మార్పు ఉండదు.

చిక్కంతా ఇక్కడే

సీఓపీడీ పేరు వినే ఉంటారు. ఏళ్ల తరబడి పొగ పీల్చడం వల్ల గాలి గొట్టాలు వాచి ఇరుకైపోతాయి. చివర ఉండే సన్నని గాలి గదులు చితికి సాగిపోతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. పాత గాలి లోపలే ఉండిపోతే కొత్త గాలికి చోటెక్కడిది? నాలుగు మెట్లెక్కినా, స్నానం చేసినా ఆయాసం ముంచుకొస్తుంది. 2021లో ప్రపంచంలో సుమారు 35 లక్షల మంది ఈ జబ్బుతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇది చుట్టా బీడీ కాల్చే మగవాళ్ల జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. ముప్పై నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని, గొట్టంతో ఊదుతూ, పిడకల పొగలో కళ్లు నులుముకుంటూ ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన అమ్మమ్మలకూ ఇది వస్తుంది. ఇప్పుడు ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉన్నా, అప్పుడు పీల్చిన పొగ చేసిన చెరుపు అలాగే ఉంటుంది. 'జీవితంలో బీడీ ముట్టలేదు, నాకెందుకొస్తుంది?' అని ఆమె డాక్టరు దగ్గరికే వెళ్లదు. బామ్ రాసుకుని పడుకుంటుంది.

ఆయాసం ఒంట్లో మోగే గంట లాంటిది. మెంథాల్ ఆ గంట చప్పుడు తగ్గిస్తుంది కానీ మంటను ఆర్పదు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ముదురుతుంటే 'కాసేపటి క్రితం తేలికగానే ఉందిగా' అని ఒక రాత్రి గడిపేస్తాం. మర్నాడు 'సాయంత్రం చూద్దాం' అంటాం. సీఓపీడీలో ఆ ఒకటి రెండు రోజుల ఆలస్యమే ఇంట్లో తగ్గాల్సినదాన్ని ఐసీయూదాకా తీసుకెళ్తుంది.

ఈ కిటుకు సిగరెట్ వ్యాపారానికి ఎప్పుడో తెలుసు. మెంథాల్ కలిపితే పొగ ఘాటు గొంతుకు తెలియదు, కొత్తగా అలవాటు చేసుకునేవాళ్లకు దగ్గు రాదు. అందుకే 2020లో ఐరోపా సమాఖ్య దేశాల్లో మెంథాల్ సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించారు.

వాడుకోవచ్చు, కానీ ఇలా...

* చేతిరుమాలు మీద కొద్దిగా రాసి దూరం నుంచి పీల్చండి, లేదా గుండెల మీద పల్చగా రాయండి. ముక్కు రంధ్రాల లోపల రాయొద్దు. జిడ్డు మందు కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చిపెట్టవచ్చు.

* నెబ్యులైజర్‌లో బామ్, అమృతధార, నీలగిరి తైలం చుక్కలు ఎప్పుడూ వేయకండి. డాక్టరు రాసిన మందు తప్ప మరేదీ అందులోకి వెళ్లకూడదు.

* ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్లు ముక్కుకూ ముఖానికీ జిడ్డు బామ్‌లు రాయకూడదు. ఆక్సిజన్ దగ్గర ఇలాంటి జిడ్డు తేలికగా అంటుకుంటుంది.

* ఘాటు వాసన కొందరికి పడదు. పీల్చగానే దగ్గు, పిల్లికూతలు ఎక్కువైతే మానేయండి.

* తాతయ్య సీసా మనవళ్లకు అందకూడదు. కర్పూరం పొరపాటున మింగితే పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయి. రెండేళ్లలోపు పిల్లలకు ఈ బామ్‌లు రాయనే కూడదు.

బామ్ కన్నా విసనకర్ర మేలు!

ఆయాసం వచ్చినవాళ్లు ఎవరూ చెప్పకుండానే కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంటారు, గమనించారా? ముఖానికి చల్లగాలి తగిలినా మెదడుకు అదే కబురు వెళుతుంది. ఇంగ్లండ్‌లో 50 మంది రోగుల మీద జరిగిన ఒక పరీక్ష 2010లో వెలువడింది. చేత్తో పట్టుకునే చిన్న ఫ్యాను ఇచ్చి, ఒకసారి ముఖానికీ మరోసారి కాళ్లకీ 5 నిమిషాలు గాలి తగిలేలా చూశారు. కాళ్లకు పెట్టుకున్నప్పటికన్నా ముఖానికి పెట్టుకున్నప్పుడు ఆయాసం బాగా తగ్గింది. సీఓపీడీపై వచ్చే అంతర్జాతీయ వైద్య సూచనల్లోనూ ముఖానికి ఫ్యాను గాలికి చోటుంది. బ్యాటరీ ఫ్యాను దొరక్కపోతే తాటాకు విసనకర్ర చాలు. జానెడు దూరంలో పెట్టుకుని ముక్కుకూ పెదవులకూ గాలి తగలనివ్వండి. ఘాటు లేదు, మింగేస్తారన్న భయం లేదు.

దాంతోపాటు ఊపిరి వదిలే పద్ధతి మార్చండి. కుర్చీలో ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదవులు గుండ్రంగా పెట్టి నాలుగు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. లోపల చిక్కుకున్న పాత గాలి బయటికి రావడానికి ఇది పనికొస్తుంది. మెంథాల్ చేయలేని పని ఇదే!

అసలు వైద్యం

నెలల తరబడి ఆయాసం, దగ్గు, కళ్లె ఉంటే ఒక్కసారైనా స్పైరోమెట్రీ చేయించండి. గొట్టంలోకి బలంగా ఊదడమే పరీక్ష. గాలి గొట్టాలను వెడల్పు చేసే మందు పీల్చిన తర్వాత కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో 70 శాతం కన్నా తక్కువ వస్తే దారి ఇరుకైందని అర్థం. ఇరుకైన దారిని కాస్తయినా తెరిచేది డాక్టరు రాసే ఇన్‌హేలరే. 'పీల్చే మందు అలవాటైపోతుంది' అన్న భయంతో చాలామంది దాన్ని అలమరలో దాచి, బామ్‌ను మాత్రం రోజూ పీలుస్తారు. ఇన్‌హేలర్‌కు అలా బానిసలు కారు. మందు లోపలికి సరిగ్గా వెళ్లాలంటే స్పేసర్ గొట్టంతో ఎలా పీల్చాలో డాక్టరు ముందే చేసి చూపించండి. పొగ మానడం, ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవడం, రోజూ కొంత నడవడం... ఇవన్నీ వైద్యంలో భాగాలే.

ఇంట్లోవాళ్లకు ఒక్క మాట. 'ఇప్పుడెలా ఉంది నాన్నా?' అని అడిగి ఊరుకోకండి. బామ్ పీల్చిన మనిషి 'ఫర్వాలేదు' అనే అంటాడు. చెప్పే మాటతో పాటు కనిపించే గుర్తులూ చూడండి. ఒక వాక్యం ఆగకుండా చెప్పగలుగుతున్నారా? పెదవులు నీలంగా మారాయా? పగటిపూట మగతగా, అయోమయంగా ఉంటున్నారా? కళ్లె ఎక్కువైందా, పచ్చగా మారిందా? కాళ్లు వాచాయా? కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఉంటే వేలికి పెట్టి రాసుకోండి. మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తేనే తగ్గినప్పుడు తెలుస్తుంది. అంకె బాగానే ఉన్నా మనిషి మగతగా ఉంటే నమ్మకండి. రక్తంలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువును ఆ పరికరం చూపించదు.

కళ్లె మారినా, కాళ్లు వాచినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. మాట తెగుతున్నా, పెదవులు నీలమైనా, మగత కమ్ముతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోగా డాక్టరు చెప్పిన ఇన్‌హేలర్ పీల్పించండి. విసనకర్రతో విసరండి. అమృతధార సీసా ఆయన చేతిలోనే ఉన్నా ఫర్వాలేదు.