రక్తవేగాన్ని కొలిచే అయస్కాంతం

ఉగాది సంచికలో ఆస్పత్రి కబుర్లేమిటని విసుక్కోకండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను డాక్టర్ల దగ్గరకు తీసుకువెళ్ళే వయసులో ఉన్నాం మనం. వాళ్ళ గుండె రిపోర్టు చేతికిచ్చినప్పుడు అందులోని అంకె ఎలా వచ్చిందో తెలిసి ఉండటం మంచిది.

చిన్నప్పుడు పంట కాలువలో ఎండుటాకు వదిలి, అది పది గజాలు పోవడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. ఆ వేగాన్ని కాలువ వెడల్పుతో, లోతుతో గుణిస్తే సెకనుకు ఎంత నీరు పారుతోందో సుమారుగా తెలుస్తుంది. ఎం.ఆర్.ఐ. యంత్రం రక్తనాళంలో చేసేదీ ఇదే. అయితే దీనికి ఆకు అక్కరలేదు, రంగు మందు ఎక్కించనక్కరలేదు. రక్తంలోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలే ఆకులు.

అయస్కాంత క్షేత్రంలో ఈ కేంద్రకాలు బొంగరాల్లా తిరుగుతాయి. క్షేత్రం ఎంత బలంగా ఉంటే అంత వేగంగా తిరుగుతాయి. యంత్రం క్షణకాలం ఒక వైపు బలం పెంచి, రెండో వైపు తగ్గించి, వెంటనే దాన్ని తారుమారు చేస్తుంది. కదలని కండరంలోని బొంగరం మొదట ఎంత ముందుకు పోయిందో తర్వాత అంత వెనకబడి, లెక్క సున్నా అవుతుంది. పారే రక్తం రెండోసారికి మరో చోట ఉంటుంది కనుక లెక్క సరిపోదు. మిగిలిన ఆ కోణమే వేగాన్ని చెబుతుంది. ఎర్విన్ హాన్ 1960లో సముద్రపు నీటి కదలికను ఇలా పసిగట్టవచ్చని రాశారు. 1980లలో ఈ పద్ధతి రక్తనాళాలకు వచ్చింది.

ఇందులో ఒక చిక్కుంది. ముందుకు 180, వెనక్కి 180 డిగ్రీల వరకే యంత్రం గుర్తుపట్టగలదు. ఆ హద్దు ఎంత వేగానికి సరిపోవాలో ముందే నిర్ణయించాలి. సెకనుకు 150 సెంటీమీటర్లని పెట్టామనుకోండి. రక్తం 200 సెంటీమీటర్ల వేగంతో పోతే కోణం 240 డిగ్రీలవుతుంది. యంత్రం దాన్ని వెనక్కి 120 డిగ్రీలుగా చదివి, రక్తం 100 సెంటీమీటర్ల వేగంతో వెనక్కి పోతోందంటుంది! సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్లు కనబడటం లాంటిదే ఇదీ. పోనీ హద్దు మరీ పెద్దది పెడితే, నెమ్మదిగా పారే రక్తం కొలత నమ్మదగినదిగా ఉండదు.

ఒక మిత్రుని నాన్నగారికి గుండె నుంచి రక్తం బయటకు వెళ్ళే కవాటం ఇరుకైందన్న అనుమానం వచ్చింది. ఎకోలో బొమ్మ స్పష్టంగా రాకపోవడంతో ఈ పరీక్ష చేశారు. తెల్లని ధార మధ్యలో నల్లమచ్చ చూసి మిత్రుడు, "రక్తం వెనక్కి పోతోందాండీ?" అని నన్ను కంగారుగా అడిగాడు. హద్దు పెంచి మళ్ళీ తీస్తే మచ్చ పోయింది కాని, వేగం సెకనుకు 4 మీటర్లు దాటింది. మామూలుగా అక్కడ ఒకటి, ఒకటిన్నర మీటర్లుంటుంది. 4 మీటర్లు చేరితే ఇరుకు తీవ్రమని లెక్క. మచ్చ చూసి పడ్డ భయం ఉత్తదే, ఇరుకు మాత్రం నిజం. కవాటం మార్చారు. ఈసారి మన ఉగాది పచ్చడి కలిపే బాధ్యత ఆ పెద్దాయనదే.

వేగం కొలవడానికి మొదటి పరీక్ష నేటికీ ఎకోనే. సన్నని, జోరైన ధార వేగాన్ని ఎం.ఆర్.ఐ. కాస్త తక్కువగా చూపవచ్చు. కవాటం ఎంత కారుతోందో కొలవడంలో మాత్రం అది దిట్ట. కనుక రిపోర్టు రాగానే రెండు ప్రశ్నలు అడగండి: "వేగం హద్దు ఎంత పెట్టారు? ఎకోతో సరిపోయిందా?" పేస్‌మేకర్ ఉంటే పరీక్షకు ముందే చెప్పడం మరవకండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.