బీరువాలోని ప్రణాళిక ఎవరిని కాపాడుతుంది?

మీ జిల్లా వైద్య ఆరోగ్యశాఖ వద్ద విపత్తు సన్నద్ధతా ప్రణాళిక ఉన్నదా అని ఒకసారి అడిగి చూడండి. ఉన్నదనే చెబుతారు. అది అబద్ధం కాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి, దానిని ఏటా సమీక్షించి సవరించాలి. జిల్లా స్థాయిలోని ప్రతి ప్రభుత్వ శాఖా తన వంతు ప్రణాళికను విడిగా తయారుచేసుకోవాలి. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థలో జిల్లా వైద్యాధికారి హోదా రీత్యా సభ్యులు. కనుక కాగితం తప్పక ఉంటుంది. కాగితం లేదన్నది నా అభియోగం కాదు. అది పై అధికారికి చూపడానికి రాసినదే తప్ప, వరదనీరు గుమ్మం దాటి లోపలికి వచ్చిన రాత్రి చేతపట్టుకొని పనిచేయడానికి రాసినది కాదన్నదే నా అభియోగం.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక జిల్లాలో అటువంటి ప్రణాళికను తెరిచి చూశాను. మొదటి ముప్పై పేజీలలో జిల్లా వైశాల్యం, సగటు వర్షపాతం, అక్షరాస్యత, ప్రధాన పంటలు. చివర ఫోన్ నంబర్ల పట్టిక. అందులో ఒక నంబరుకు ఫోన్ చేస్తే, రెండేళ్ల క్రితమే పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా మాట్లాడి, తన స్థానంలో ఎవరు వచ్చారో తనకు తెలియదన్నారు. ఆయన తప్పేముంది? పట్టికలో హోదాలు కాక పేర్లు రాసుకున్నవారి తప్పు అది.

వరద అనగానే మనకు మునిగి చనిపోయినవారే గుర్తుకొస్తారు. వైద్యుడికి మరికొందరు కనిపిస్తారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు నీట మునిగాయి. అదేరోజు మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. విజయవాడలో కొన్ని వీధులలో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. డ్రోన్లతో ఆహారపు పొట్లాలు అందించవలసి వచ్చింది. అటువంటి వీధిలో, మూడో అంతస్తులో, సోమవారం డయాలసిస్‌కు వెళ్లవలసిన మనిషిని ఊహించుకోండి. వారానికి రెండు మూడు సార్లు, సారికి నాలుగు గంటలపాటు యంత్రం శుభ్రపరిస్తేనే నిలబడే రక్తం అది. రెండు విడతలు తప్పిపోతే ఒంట్లో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పవచ్చు. ఆ మనిషికి పులిహోర పొట్లం ప్రాణదానం కాదు. పడవ కావాలి. పడవ తీసుకెళ్లే చోట విద్యుత్తు కావాలి, ఒక్కో విడతకు సుమారు 120 లీటర్ల శుద్ధజలం కావాలి. ఆ పడవ ఏ ఇంటికి వెళ్లాలో నడిపేవాడికి ఎవరు చెప్పాలి? వైద్య ఆరోగ్యశాఖే చెప్పాలి.

ఇది అసాధ్యమనకండి, గర్భిణుల విషయంలో మనం చేస్తూనే ఉన్నాం. గోదావరికి వరద హెచ్చరిక రాగానే ముంపు మండలాల నుంచి నెలలు నిండిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రులకు తరలిస్తున్నారు. ఇది ఎలా సాధ్యమైంది? ఏఎన్ఎం దగ్గరున్న రిజిస్టరులో ప్రతి గర్భిణి పేరూ, ఊరూ, కాన్పు కావలసిన తేదీ ఉంటాయి గనుక. పేరు తెలిసినచోట తరలింపు జరిగింది. పేరు తెలియని చోట తొక్కిసలాటే మిగులుతుంది.

మరి డయాలసిస్ రోగుల పేర్లు ప్రభుత్వానికి తెలియవా? ఆంధ్రప్రదేశ్‌లో వారికి ప్రతినెలా ఇంటి వద్దకే పింఛను వస్తోంది. తెలంగాణలోనూ వారికి పింఛను ఉన్నది. ముప్పై ఏళ్లు దాటినవారికి ఇంటింటికీ తిరిగి రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేస్తున్నారు కనుక ఇన్సులిన్ వాడుతున్నవారి జాడ కూడా దొరుకుతుంది. నెల మొదట తలుపు తట్టి డబ్బు చేతికివ్వగలిగిన ప్రభుత్వానికి, తుపాను రాత్రి ఆ తలుపు ఎక్కడున్నదో తెలియకపోవడం ఏమిటి? పింఛను జాబితా ఒక శాఖది, చికిత్స వివరాలు మరొకరివి, పడవలు ఇంకొకరివి. ఈ మూడింటినీ కలిపి కుట్టే దారమే ప్రణాళిక. మన ప్రణాళికలలో సగటు వర్షపాతం ఉన్నది, ఈ దారం లేదు.

ఇక వరద తగ్గాక జరిగే తంతు చూడండి. రోడ్డు అంచుల వెంట ముగ్గు వేసినట్టు బ్లీచింగ్ పొడి చల్లుతారు. ఫొటోలు వస్తాయి. మట్టిమీద చల్లిన ఆ పొడి అతిసారాన్ని ఆపదు. ఆపేది నీటిలో సరైన మోతాదులో కలిపిన క్లోరిన్. కుళాయి చివరన లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండాలి, వ్యాధి ప్రబలే రోజుల్లో 0.5 వరకు ఉంచాలి. దానిని కొలవడానికి కావలసింది ఒక చిన్న పరీక్ష పెట్టె, ఐదు నిమిషాల సమయం. పైగా నిలవ ఉంచిన బ్లీచింగ్ పొడి నెలలు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది. గోదాములోని బస్తాలలో ఎంత క్లోరిన్ మిగిలిందో వర్షాలకు ముందే పరీక్షించుకోవాలి. ముగ్గు వేయడం మాత్రం ఎవరూ మరిచిపోరు.

విశాఖపట్నం మనకు రెండు పాఠాలు చెప్పింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. ఫోన్ నంబర్ల పట్టిక మీద నిలబడిన ప్రణాళిక ఏదైనా ఆ క్షణంలోనే కూలిపోతుంది. ఫోన్ పనిచేయకపోతే ఎవరు ఎక్కడికి వచ్చి హాజరు కావాలన్నది ముందే రాసి ఉండాలి. రెండవది 2020 మే 7. ఆర్.ఆర్. వెంకటాపురంలో తెల్లవారుజామున స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. కర్మాగారంలో సైరన్ మోగలేదని తర్వాత ఉన్నతస్థాయి విచారణలో తేలింది. ప్రమాదకర రసాయనాల కర్మాగారాలకు వెలుపలి ప్రాంతాల కోసం అత్యవసర ప్రణాళిక ఉండాలనీ, దానిపై ఏడాదికి ఒకసారైనా రిహార్సల్ జరపాలనీ 1989 నాటి నిబంధనలలో ఉన్నది. మీ ఊరి పక్కన అటువంటి కర్మాగారం ఉంటే, అక్కడ ఏ రసాయనం నిలవ ఉన్నదో మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి తెలుసా? అర్ధరాత్రి రోగులు వచ్చి పడ్డాక తెలుసుకుందామంటే కుదరదు.

నిధులు లేవు, సిబ్బంది లేరు అంటారు. సిబ్బంది కొరత నిజం. ఖాళీలు భర్తీ చేయకుండా ఏఎన్ఎంల మీద రిజిస్టరు మీద రిజిస్టరు మోపుతున్న తీరును నేను సమర్థించను. అయితే మనుషులు తక్కువైన శాఖకే ప్రణాళిక అవసరం ఎక్కువ. జాబితాలు కలపడానికి ఏ నిధి కావాలి? ఒక్కో పనికి ఒక బాధ్యుడు, ఆయన లేకపోతే రెండవవారు, వారూ రాలేకపోతే మూడవవారు అని హోదాలతో రాసుకోవడానికి ఎంత ఖర్చవుతుంది? జనరేటరును నెలకొకసారి పూర్తి భారం మీద నడిపి చూడడానికి కావలసింది కొంత డీజిల్, కొంత చిత్తశుద్ధి.

మాక్ డ్రిల్ చేస్తున్నాం కదా అనవచ్చు. నేను చూసిన ఒక డ్రిల్‌లో ఉదయం నుంచే అంబులెన్సు గేటు దగ్గర సిద్ధంగా నిలిచి ఉన్నది. క్షతగాత్రులుగా నటించవలసినవారికి ముందే కట్లు కట్టేశారు. అతిథి రాక ఆలస్యం కావడంతో విపత్తు ఒక గంట వాయిదా పడింది! చెప్పకుండా, రాత్రి పూట, కరెంటు ఆపి చేసినదే డ్రిల్. అందులో ఏది విఫలమైందో రాసి బయటపెట్టినప్పుడే దానివల్ల ప్రయోజనం.

ఇందులో మీరు చేయగలిగిన పని ఒకటున్నది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజులలో సమాధానం ఇవ్వాలి. శాఖ విపత్తు ప్రణాళిక ప్రతిని అడగండి, దానిని చివరిసారి ఏ తేదీన సవరించారో అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి, తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆ కాగితంలో ఉన్నది మీ ఇప్పటి జిల్లాయేనా అన్నది ప్రతి చేతికి రాగానే తెలుస్తుంది. ముందస్తు సమాచారం లేకుండా జరిపిన చివరి డ్రిల్ నివేదికను అడగండి. ముంపు ప్రాంతాలలోని డయాలసిస్ రోగుల జాబితా ఏ అధికారి వద్ద ఉన్నదో, నీరు వచ్చిన రోజున వారిని ఏ ఆసుపత్రికి తరలిస్తారో రాతపూర్వకంగా అడగండి. పేర్లు ఇవ్వనవసరం లేదు, అది వారి గోప్యత. ఎంతమంది ఉన్నారన్న సంఖ్య చాలు.